తాగి చంపిన దుప్పి

మా లోయలో దుప్పి చావాలంటే ఒక్క తూటా చాలదు. కొట్టినవాడు రోజ్విథా హోటలుకి రావాలి, టోపీకి స్ప్రూస్ చెట్టు రెమ్మ గుచ్చుకోవాలి, కోర్బినియన్ తాత చావు బూర ఊదాలి, ఉన్నవాళ్లందరూ లేచి నిలబడి ఎడమచేత్తో గ్లాసెత్తి తాగాలి. అప్పటిదాకా ఆ దుప్పి చచ్చినట్టు లెక్క కాదు. దీన్ని మేం తాగి చంపడం అంటాం. మీరు నవ్వితే నవ్వుకోండి గానీ, తాగి చంపని దుప్పి మరుసటేడు కొట్టినవాడి గురి తినేస్తుందని మా పెద్దలు చెప్పారు, వాళ్లకి పనిలేక చెప్పలేదు.

సెప్టెంబరు ఆఖరి శనివారం సాయంత్రం గోట్‌హార్ట్ ప్రుగ్గర్ ఆ హోటలుకొచ్చి, పన్నెండు కొనల కొమ్ములున్న దుప్పిని కొట్టానన్నాడు. ప్రుగ్గరంటే అల్లాటప్పా మనిషి కాదు. కలప మిల్లు ఆయనదే, జిల్లా వేటగాళ్లందరికీ ఆయనే పెద్ద, ముప్పై తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా గురి తప్పలేదు. అంటే, తప్పానని ఒక్కసారీ ఒప్పుకోలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. అందుకని దుప్పి ఏదండీ అని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పొద్దున్నే కుక్క వచ్చి వెతుకుతుందిలే, దెబ్బ తిన్నది ఎంత దూరం పోతుంది అనుకున్నారు. రెమ్మ గుచ్చారు, బూర ఊదారు, పీపా అడుగంటేదాకా తాగారు. ఆదివారం తెల్లారేసరికి దుప్పి అన్నివిధాలా చచ్చిపోయి ఉంది. లేనిదల్లా దుప్పి ఒక్కటే.

బుర్గికి ఫోను వెళ్లింది.

బుర్గి అసలు పేరు నోట్‌బుర్గా. ఆ పేరుతో పిలిస్తే ఎవర్నో అనుకుని తనే పక్కకి చూస్తుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. వారమంతా స్కూలు బస్సు నడుపుతుంది. దెబ్బ తిన్న జంతువుని వెతకాల్సి వచ్చినప్పుడు మాత్రం అదే బస్సులో కుక్కనేసుకుని వచ్చేస్తుంది, ఆమెకి వేరే బండి లేదు. పంచాయతీవాళ్లకి తెలుసు, తెలియనట్టు ఊరుకుంటారు. ఇరవై రెండేళ్లుగా ఆ లోయలో ఎవడు కాల్చి పారేసుకున్నా వెతికిపెట్టేది ఆమే. చేతకానివాడు కాల్చిన జంతువు పొదల్లో పడి మూడు రోజులు కొట్టుకుని చావకూడదు, అదే ఆమె పట్టుదల. వేటగాళ్లంటే ఆమెకి పెద్ద గౌరవమేం లేదు. దుప్పులంటే ఉంది.

కుక్క పేరు సెంటా. ఎర్రమట్టి రంగు, వేలాడే చెవులు, నుదుటి నిండా ముడతలు. పదిన్నరేళ్లు నిండాయి. గొడవంతా ఆ పదిన్నర దగ్గరే వచ్చింది. పదేళ్లు దాటిన కుక్క వరసగా మూడు వెతుకులాటల్లో తప్పితే లైసెన్సు రద్దని వేటగాళ్ల సంఘం నియమం. లైసెన్సు లేని కుక్కని అడవిలోకి రానివ్వరు. సెంటా రెండుసార్లు తప్పింది. ఇది మూడోది. ప్రతి వెతుకులాటకీ నింపే ఫారం మీద సంతకం పెట్టవలసింది జిల్లా వేట పెద్ద, అంటే ప్రుగ్గరే. పక్క లోయలో కుర్రాడొకడు ఆకాశంలో ఎగిరే కెమెరా ఒకటి కొనుక్కుని, దెబ్బ తిన్నవాటిని దాంతో తనే వెతుకుతానంటూ, ఈ ముసలిదానికి ఎప్పుడు సెలవిస్తారా అని కాచుకుని కూచున్నాడు. సెంటాకి సెలవంటే బుర్గికీ సెలవే. ఆ తర్వాత ఆమెని ఎవరూ ఫోను చేసి పిలవరు. పిల్లలు బస్సెక్కుతూ నమస్తే అంటారు, దిగుతూ అది కూడా అనరు. ఇంకో కుక్కని తెచ్చి నాలుగేళ్లు నేర్పే ఓపిక తనకి లేదని ఆమెకి తెలుసు. భయంగా ఉండేది ఆమెకి, నిజం చెప్పాలంటే చాలా భయంగా ఉండేది.

ఇంకో సంగతి కూడా ఉంది, అది ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ రెండుసార్లూ సెంటా తప్పలేదు. జూన్‌లో సెంటా కిందికి, వాగు లోయలోకి పోతానంటే, ముసలిది దారి తప్పిందనుకుని బుర్గే పగ్గం పట్టి పైకి లాగింది. మూడో రోజున కాకులు గోల చేస్తుంటే వెళ్లి చూసింది. సెంటా పోతానన్న చోటే, వాగు పక్కన, జింక పడి ఉంది. రెండోసారీ అంతే. కుక్క మీద నమ్మకం పోయింది ఆమెకే, నింద పడింది కుక్కకి.

కొట్టిన చోటికి ప్రుగ్గర్ ముందే వచ్చి నుంచున్నాడు. వెనకాల పదకొండు మంది వేటగాళ్లు, రాత్రి తాగింది ఇంకా దిగని మొహాలతో. కోర్బినియన్ తాత చేతికర్ర మీద ఆనుకుని, మెడలో బూరతో ఉన్నాడు. ఎనభై నాలుగేళ్లాయనకి, లోయలో వేట మర్యాదలన్నీ ఆయన నోట్లోనే ఉంటాయి.

బుర్గి అడగవలసినవి అడిగింది.

"ఎక్కడ నుంచుంది?"

"ఆ తెల్ల బెరడు చెట్టు పక్కన."

"దెబ్బ తగలగానే ఏం చేసింది?"

"ఏం చేస్తుంది? దెబ్బ తిన్నది చేసే పనే చేసింది."

"అది కాదండీ ప్రుగ్గర్‌గారూ. ఎగిరిందా, వంగిందా, వెనక్కాళ్లతో తన్నిందా? దాన్నిబట్టే కదా ఎక్కడ తగిలిందో తెలిసేది."

ప్రుగ్గర్ ఓ క్షణం ఆలోచించాడు. "ఎగిరి, వంగి, తన్నింది."

మూడూ కలిపి చేసిన దుప్పిని బుర్గి ఇరవై రెండేళ్లలో చూడలేదు. ఆయన మొహం వంక చూసింది. ఎండ బాగానే ఉంది, ప్రుగ్గర్ మాత్రం టోపీని కనుబొమ్మల కిందికి లాక్కుని, చెంపల మీద చెమట కారుతున్నా తియ్యకుండా ఉన్నాడు.

"నామీద అనుమానమా? ఇదిగో, కింద చూడు, ఎంత చెమటుందో," అన్నాడు.

ఇక్కడో మాట చెప్పాలి. మా వేటగాళ్ల నోట దుప్పి ఒంట్లోంచి కారేది రక్తం కాదు, చెమట. పొరపాటున రక్తం అన్నవాణ్ని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి కత్తి పక్కవాటుతో మూడు దెబ్బలేస్తారు. చూస్తే నిజంగానే ఉంది, ఫెర్న్ ఆకుల మీద ఎండిపోయిన గుండ్రటి చుక్కలు.

"నిన్న కొట్టగానే దిగి వచ్చి చూశాను," అన్నాడు ప్రుగ్గర్. "ముందు ఏమీ కనబడలేదు. వంగి వెతికాను. వంగేకొద్దీ ఇంకా ఇంకా కనబడింది. అప్పుడు నిమ్మళంగా హోటలుకి నడిచాను."

"సరే. మీరు హోటల్లో కూచోండి, దొరికాక కబురు చేస్తాం," అంది బుర్గి. కొట్టినవాడు వెనకే ఉంటే సలహాలు తప్ప ఉపయోగం ఉండదు. ప్రుగ్గర్ మోకాలు నొప్పంటూ సంతోషంగా జీపెక్కి పోయాడు. పోతూ పోతూ తెల్ల బెరడు చెట్టుని కాస్త రాసుకుంటూ పోయాడు.

బుర్గి సెంటా మెడకి వెడల్పాటి పట్టీ కట్టి, పదిగజాల తోలు పగ్గం విప్పింది. కుక్క తల వంచింది. బుర్గి కూడా నేల చూసింది. గిట్టల అచ్చులు దిట్టంగా, ఒకే ఎడంతో, ఎడమవైపు కొండ మీదికి పోతున్నాయి. ఒక్క అడుగు తడబడలేదు. వాటి పక్కన ఒక్క చుక్క లేదు. తూటా శబ్దానికి బెదిరి, సుఖంగా కొండెక్కిన దుప్పి అడుగులవి. తప్పింది, అనుకుంది బుర్గి. ముప్పై తొమ్మిదేళ్ల గురి తప్పింది, ఆ మాట చెప్పడానికి నేనే దొరికాను.

సెంటా ఆ అచ్చుల్ని మర్యాదకి ఒకసారి వాసన చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, చుక్కల మీద ముక్కు పెట్టి, తోక బిగబట్టి, కుడివైపు కిందికి నడిచింది. ఊరివైపు.

బుర్గి చెయ్యి పగ్గం మీద బిగిసింది. పైకి లాగి, కొండ చూపించి, గురి తప్పిందని చెబితే ప్రుగ్గర్ చచ్చినా ఒప్పుకోడు. చెమట ఉందిగా, దుప్పి ఎక్కడుందో మీ ముసలి కుక్కకి దొరకలేదు అంటాడు. కిందికి పోనిస్తే, దుప్పి లేని దిక్కున ఈ ముసలిది ఎక్కడికి తీసుకుపోతుందో తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమెకి కాకుల గోల గుర్తొచ్చింది. వేళ్లు వదులు చేసింది.

"పద తల్లీ," అంది. "నువ్వెటంటే అటే. ఈసారి నేను లాగను."

సెంటా ఫెర్న్ పొదల్లోంచి దిగింది. వాగు మీద చెక్క వంతెన దగ్గర ఆగింది. పలక మీద ఒక చుక్క. వెనకాల నలభై అడుగుల దూరంలో వేటగాళ్లు వరసగా వస్తున్నారు.

"దుప్పి వంతెన మీంచి పోయిందా?" అన్నాడొకడు.

"మర్యాద తెలిసిన దుప్పి," అన్నాడు ఇంకొకడు. "కాళ్లు తడవకుండా."

పొలం కంచె దగ్గర గేటు గొళ్లెం మీద మరక. దుప్పి గొళ్లెం తీసుకుని, మళ్లీ వేసి వెళ్లినట్టుంది. కోర్బినియన్ తాత ఆగి, గొళ్లాన్ని చూసి, టోపీ సర్దుకున్నాడు. పచ్చికలో ఆవులు తల ఎత్తాయి. సెంటా వాటి మధ్య నుంచి, ముక్కు నేలకి రాస్తూ, ఎటూ చూడకుండా పోతోంది. బుర్గికి చెమటలు పట్టాయి, ఆవిడవి మామూలు చెమటలే. ఇంక ఎటు పోతోందో తెలిసిపోయింది, హోటలుకే. చర్చి గోడ వారగా, ప్రార్థనకి వచ్చినవాళ్లు బయటికి వస్తుండగా, వాళ్ల బూట్ల మధ్య నుంచి సెంటా నడిచింది.

"ఏంటమ్మా బుర్గీ, దుప్పి పాప విమోచనానికి వచ్చిందా?" అని అడిగాడు సోడాబుడ్డి కళ్లద్దాల మాస్టారు.

"దెబ్బ తిన్నది నీళ్లు వెతుక్కుంటుందంటారు," అన్నాడు వెనకాల వేటగాడొకడు. "ఇది బీరు వెతుక్కుంటోంది."

నవ్వులు మొదలయ్యాయి. బుర్గి చెవులు కాలిపోతున్నాయి. పగ్గం లాగెయ్యాలని వేళ్లు దురద పెడుతున్నాయి, లాగి బస్సెక్కి ఇంటికి పోవాలని ఉంది. లాగలేదు. ఇరవై మంది ముందు నవ్వులపాలు కావడం కంటే ఇంకోసారి కాకుల గోల వినడం ఘోరం, అదొక్కటే తెలుసు ఆమెకి.

సెంటా హోటలు వెనక తలుపు తోసుకుని వంటింట్లోకి పోయింది. రోజ్విథా పొయ్యి మీద గూలాష్ మాంసం పులుసు కలుపుతోంది.

"బుర్గక్కా, కుక్కని పొయ్యి దగ్గరికి తెస్తావేంటే."

"నేను తేవట్లేదే. ఇదే నన్ను తెస్తోంది."

సెంటా గూలాష్ గిన్నెని కన్నెత్తి చూడలేదు. పొద్దుటినుంచి మెతుకు ముట్టని కుక్క అది. తిండి వాసన కోసం వచ్చిందేమోనన్న బుర్గి అనుమానం అక్కడితో పోయింది. సెంటా హాల్లోకి పోయి, కొమ్ముల గోడ కింద మూల బల్ల దగ్గర ఆగింది. ఆ బల్ల వెనకాల ప్రుగ్గర్ సూపు తాగుతున్నాడు. కుక్క ఆయన ముందు కూచుని, మెడ పైకెత్తి, మొరిగింది.

ఆ మొరుగుడు గురించి చెప్పాలి. పట్టుకున్నది బతికుంటే సెంటా గబగబా మొరుగుతుంది. చచ్చి ఉంటే నింపాదిగా, ఒక్కో మొరుగుకీ మధ్య ఊపిరి తీసుకుని, చర్చి గంట కొట్టినట్టు మొరుగుతుంది. ఇరవై గజాల అవతల నుంచి కూడా వేటగాళ్లు ఆ తేడా పట్టేస్తారు. సెంటా నింపాదిగా మొరుగుతోంది.

చావు మొరుగుడు వినబడితే వేటగాళ్లు టోపీలు తియ్యాలి. తాతముత్తాతల నాటి మర్యాద, ఆలోచించి చేసేది కాదు, చెయ్యి దానంతటదే లేస్తుంది. తలుపు దగ్గర పదకొండు టోపీలు లేచాయి. కోర్బినియన్ తాత టోపీ లేచింది. బల్ల వెనకాల ప్రుగ్గర్ కూడా గౌరవంగా నిలబడి టోపీ తీశాడు.

కుడి కనుబొమ్మ మీద, అర్ధచంద్రంలా, వేలెడు పొడుగు కోత. చుట్టూ వంకాయ రంగు వాపు.

అది చూసి తెలుసుకోలేనివాడు అక్కడ లేడు. తుపాకీ మీది దుర్భిణికి కన్ను మరీ ఆనించి కాలిస్తే, తుపాకీ వెనక్కి తన్ని, దుర్భిణి అంచు కనుబొమ్మని కోస్తుంది. మొదటి ఏడు నేర్చుకునేవాళ్లకి తగిలే దెబ్బ. జిల్లా వేట పెద్దకి తగిలే దెబ్బ కాదు. ప్రుగ్గర్ సిగ్గుపడి టోపీ కిందికి లాక్కున్నాడు, వంగి వంగి దుప్పి చెమట కోసం వెతికాడు, వంగినప్పుడల్లా తన కోతలోంచి చుక్కలు రాలాయి, వాటినే చూసి మురిసిపోయి, దారి పొడుగునా రాల్చుకుంటూ హోటలుకి నడిచాడు.

"అయ్యో, నుదుటి నిండా రక్తం," అంది రోజ్విథా.

"చెమట," అన్నాడు కోర్బినియన్ తాత కఠినంగా.

"మనిషికి రక్తమే కదా తాతా."

"కుక్క పట్టినదానికి చెమటే."

ప్రుగ్గర్ టోపీ మళ్లీ పెట్టేసుకున్నాడు. "గడ్డం గీసుకుంటుంటే తెగింది."

"కనుబొమ్మ మీద గడ్డమా?" అన్నాడెవరో.

ఇక ఆయనకి కోపం వచ్చింది. బల్ల గుద్దాడు, సూపు ఒలికింది. "మూసుకోండి అందరూ. నేను కొట్టిన దుప్పి అడవిలో పడి ఉంది. ఈ ముసలి కుక్క మనిషికీ దుప్పికీ తేడా తెలియక నన్ను పట్టుకుంది. ముందు రెండుసార్లు తప్పింది, ఇది మూడోది. ముక్కు చచ్చింది దానికి. లైసెన్సు రద్దు. ఫారం తే బుర్గీ, ఇప్పుడే రాసిస్తాను."

అందరూ బుర్గి వైపు చూశారు. ఆమె పగ్గం చుట్టుకుంటోంది. సెంటా పని అయిపోయిందని ఆమె కాళ్ల దగ్గర పడుకుంది.

"ముందు రెండుసార్లూ అది తప్పలేదు," అంది బుర్గి.

"ఏంటీ?"

"నేనే లాగాను. అది కిందికి పోతానంది, నేను పైకి లాగాను. జూన్‌లో జింక అది చూపించిన చోటే చచ్చి పడి ఉంది, కాకులు తిన్నాక నేను చూశాను. రెండోసారీ అంతే. ముసలిదైపోయిందని నేనే అనుకున్నాను, నేనే తప్పాను, మీకెవరికీ చెప్పలేదు. సిగ్గేసింది. ఇవాళ లాగలేదు. ఎక్కడ చెమట పడిందో అక్కడి నుంచి, ఎవరు కార్చారో వాళ్ల దగ్గరికి, నేరుగా తెచ్చింది. నా లైసెన్సు తీసెయ్యండి, ఊరుకుంటాను. దాని ముక్కు చచ్చిందని మాత్రం రాయకండి."

కోర్బినియన్ తాత కుర్చీ లాక్కుని కూచున్నాడు. ఆయన కూచుంటే పంచాయితీ కూచున్నట్టే.

"గోట్‌హార్టూ, ఇటు విను," అన్నాడు. "రెండే దారులున్నాయి. ఒకటి, నీ గురి తప్పింది. అట్లయితే నేను నిన్న కొండ మీద మేస్తున్న దుప్పికి చావు బూర ఊదినట్టు. ఎనభై నాలుగేళ్లొచ్చాయి నాకు, ఒక్క దొంగ బూర ఊదలేదు. వీళ్లందరూ లేని చావుకి తాగినట్టు. అది పాపం."

"నా గురి తప్పలేదు," అన్నాడు ప్రుగ్గర్.

"అదే చెబుతున్నాను, విను. రెండోది. నువ్వు కాల్చావు. తగిలింది. చెమట పడింది. కుక్క చెమట పట్టుకుని పోయింది, దొరికింది, చచ్చిందని మొరిగింది. ఇందులో ఎవరి పరువూ పోదు. ఒక్కటే చిక్కు, దొరికింది నువ్వు."

"అంటే నేను చచ్చినట్టా?"

"నిన్ననే చచ్చావు. అందరం నిలబడి తాగాం కదా."

కింద పడ్డా నాదే పైచెయ్యి అనేవాడికి ఈ ప్రపంచంలో ఎప్పుడూ ఏదో ఒక దారి దొరుకుతుంది.

"అప్పుడు గురి తప్పనట్టే కదా?"

"తప్పనట్టే."

"సంఘం పుస్తకంలో అట్లాగే రాస్తారా?"

"అట్లాగే రాస్తాం."

"అయితే సరే," అన్నాడు ప్రుగ్గర్, కోటు గుండీలు పెట్టుకుంటూ.

మర్యాద ప్రకారం జరగవలసిందంతా జరిగింది. హోటలు పెరట్లో స్ప్రూస్ కొమ్మలు పరిచారు. వేటలో పడ్డదాన్ని కుడి పక్కకి తిప్పి, గుండె పైకి ఉండేలా పడుకోబెట్టాలి. ప్రుగ్గర్ తనే పడుకుని, తనే సర్దుకున్నాడు, ఎందుకంటే మిగతావాళ్లు సరిగ్గా చెయ్యరని ఆయన నమ్మకం. నోట్లో ఆఖరి మేతగా రెమ్మ పెట్టారు.

"కొమ్మలు గుచ్చుకుంటున్నాయి," అన్నాడు రెమ్మ పక్కనుంచి.

"చచ్చినవాళ్లు మాట్లాడరు," అన్నాడు కోర్బినియన్ తాత.

కొట్టినవాడికి టోపీ రెమ్మ అందించాలి కదా, కొట్టినవాడూ కింద పడుకున్నవాడూ ఒకరే. తాత కత్తి మీద రెమ్మ పెట్టి అందిస్తే ప్రుగ్గర్ పడుకునే చెయ్యి చాచి అందుకున్నాడు, అందుకుని దాన్ని విరిచి సగం సెంటా మెడపట్టీకి గుచ్చాడు. బూర మోగింది. దారిన పోతున్న సైకిలు యాత్రికులిద్దరు ఆగి, ఎవరో పెద్దమనిషి పోయాడనుకుని హెల్మెట్లు తీసి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. బూర మోగుతున్నంతసేపూ ఎవరూ నవ్వలేదంటే నమ్మండి. తర్వాత అందరూ లోపలికి పోయి, తలుపేసుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు.

పెరట్లో బుర్గి, ప్రుగ్గర్, కుక్క మిగిలారు. ప్రుగ్గర్ కొమ్మల మీద లేచి కూచున్నాడు.

"ఫారం ఇవ్వు," అన్నాడు.

ఇచ్చింది. ఆయన మోకాలి మీద పెట్టుకుని, కలం తీసి, దర్జాగా వంగాడు. కలం మొన గడికి నాలుగు వేళ్ల అవతల, ఖాళీ కాగితం మీద దిగింది. ఆయన అక్కడే రాయడం మొదలుపెట్టబోతున్నాడు. బుర్గి చూసింది. కాగితాన్ని మెల్లగా జరిపింది, గడి వచ్చి కలం కిందికి చేరింది.

కలం ఆగింది.

"చూశావా?" అన్నాడు ప్రుగ్గర్, తలెత్తకుండా.

"చూశాను."

"ఎప్పటినుంచో తెలుసా? మొన్న చలికాలం నుంచి. నడిమధ్యన మసక. పక్కలకి కనబడుతుంది, ఎదురుగా ఉన్నది కనబడదు. నిన్న దుర్భిణిలో రెండు దుప్పులు కనబడ్డాయి. సరిగ్గా చూద్దామని కన్ను ఆనించాను."

"రెండిట్లో దేన్ని కొట్టారు?"

"తేల్చుకోలేక మధ్యలో కాల్చాను."

బుర్గికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఆపుకుంది. పక్కన కొమ్మల మీదే కూచుంది.

"దానికి ముసలితనం వచ్చిందని రద్దు చేస్తే, నాది ఎవరూ చూడరనుకున్నాను," అన్నాడాయన. "నువ్వు అందరి ముందూ నీ తప్పు చెప్పేశావు. నాకంత గుండె లేదు."

"గడిలో రాయడానికి గుండె అక్కర్లేదు లెండి. కాగితం నేను పట్టుకుంటాను."

పట్టుకుంది. ఆయన మొదటి గడిలో రాశాడు: కుక్క ముక్కు బాగుంది, తిరుగు లేదు, లైసెన్సు కొనసాగించవచ్చు. బుర్గి కాగితం కిందికి జరిపింది. గురి అన్నచోట రాశాడు: తప్పలేదు. బుర్గి చూసి ఊరుకుంది. దొరికిన జంతువు అన్న గడి దగ్గర చాలాసేపు ఆగాడు. దుప్పులకి అక్కడ వయసు, కొమ్ముల తీరు, ఇంకా మందలో ఉంచవచ్చా లేదా అని రాయాలి. ముప్పై తొమ్మిదేళ్లలో ఆయన ఆ గడి వందలసార్లు నింపి ఉంటాడు.

ఒక్కో అక్షరం పెద్దగా, నెమ్మదిగా రాశాడు. మగది. బాగా ముదిరింది. కొమ్ములు దిగుముఖం. చూపు లేదు. ఈ ఏడే మందలోంచి తీసెయ్యడం మంచిది. కింద సంతకం పెట్టాడు, దాని కింద జిల్లా వేట పెద్ద అని రాసి, కాస్త ఆగి, మాజీ అని చేర్చాడు.

"గడిలోనే పడిందా?"

"పడింది," అంది బుర్గి.

ప్రుగ్గర్ జేబులోంచి జీపు తాళాలు తీసి చేతిలో ఆడించాడు. "వచ్చేటప్పుడు అలవాటు మీద వచ్చేశాను. చెట్టుకి రాసుకుంది, చూశావు కదా. ఇంటిదాకా దింపుతావా?"

బుర్గి వెళ్లి, కొట్టిన చోట వదిలేసిన బస్సుని తెచ్చి, తలుపు తీసింది. ముందు సీట్లు ఆరేళ్ల పిల్లలకి చేసినవి. ఆయన మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూచుని, బెల్టు కోసం తడుముకున్నాడు, ఆమె పెట్టింది. సెంటా ఆయన బూట్ల మీద తల ఆనించి పడుకుంది. మిల్లు గేటు దగ్గర బుర్గి బస్సు ఆపింది. దిగి, గేటు పట్టుకుని, ఆయన వెనక్కి తిరిగాడు. బుర్గి ఉన్న చోటికి కాదు, కొంచెం పక్కకి చూస్తూ అడిగాడు.

"రేపు టౌన్లో కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. పొద్దున ఇటే వస్తావా?"

"ఏడుంపావుకి వస్తాను," అంది బుర్గి. "గేటు బయట నుంచోండి. నేను పిల్లల కోసమే ఆగను, మీకోసం అసలే ఆగను."